ఐదు టన్నుల ఈఓటీ క్రేన్: ఫ్యాబ్రికేషన్ షెడ్డులో రెండేళ్ల వాడకం తరువాత

హైదరాబాద్ జీడిమెట్లలోని మా ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఐదు టన్నుల సింగిల్ గర్డర్ (ఒకే అడ్డ దూలం ఉన్న) ఈఓటీ క్రేన్, అంటే పైన పట్టాల మీద నడిచే విద్యుత్ క్రేన్, బిగించి రెండేళ్లు దాటింది. ఔషధ కంపెనీలకు స్టెయిన్‌లెస్ స్టీల్ రియాక్టర్లు, రిసీవర్లు, స్టోరేజీ ట్యాంకులు చేసి ఇవ్వడం మా పని. క్రేన్‌ను నగర శివార్లలోని ఒక మధ్యతరహా తయారీదారు దగ్గర చేయించుకున్నాము. యంత్రం వరకు చూస్తే పెట్టిన డబ్బుకు తగిన వస్తువే వచ్చింది; అమ్మిన తరువాత అందిన సేవ గురించి మాత్రం అంత మంచి మాట చెప్పలేను. ఇలాంటి షెడ్డు నడుపుతూ క్రేనో హాయిస్టో (బరువును పైకి లేపే యంత్రం) కొనే ఆలోచనలో ఉన్నవారికి పనికివస్తుందని కొంత వివరంగా రాస్తున్నాను.

క్రేన్ కొనబోయేవారిని ఎవరిని కదిపినా మొదట వచ్చే మాట టన్నులే. నిజానికి అన్నిటికన్నా సులువుగా తేలే లెక్క అదే. మేము చేసే వాటిలో బరువైనది ఐదు వేల లీటర్ల రియాక్టరు. జాకెట్టు, లింపెట్ కాయిల్, అజిటేటరు, గేర్‌బాక్సు అన్నీ కలుపుకొని నాలుగు టన్నుల దగ్గరికి వస్తుంది. దానికి స్లింగులు (బరువును హుక్కుకు కట్టే తాళ్లు, బెల్టులు), స్ప్రెడర్ బీమ్ బరువు కూడితే ఐదు టన్నుల క్రేన్ చాలునని ఒక్క పూటలో తేలిపోయింది. హుక్కు గంటకు ఎన్నిసార్లు కదులుతుంది, ఎంత నెమ్మదిగా కదలాలి, షెడ్డులో ఎంత ఎత్తుకు, ఏ మూల దాకా అందాలి అన్నవి తేలడానికే నెలలు పట్టింది.

అంతకుముందు మా పనంతా చైన్ పుల్లీ బ్లాకులతోనూ, అద్దెకు తెచ్చుకునే హైడ్రా అనే మొబైల్ క్రేన్‌తోనూ సాగేది. ఈ రెండింటినీ తక్కువ చేసి మాట్లాడను. ఆవరణలో లారీ నుంచి ప్లేట్లు దించుకోవడానికి హైడ్రాను మించింది లేదు. ఇప్పటికీ పిలుస్తూనే ఉన్నాము. అయితే పైకప్పు కింద బూమ్ (దాని పొడవాటి చేయి) పూర్తిగా లేపడానికి వీలుండదు, బరువు పట్టుకుని కదిలేటప్పుడు ఊగుతుంది, పొగ షెడ్డంతా కమ్ముతుంది. అన్నిటికీ మించి, మనకు కావలసిన గంటలో అది పక్క వీధి ఫ్యాక్టరీలో ఉంటుంది. చైన్ బ్లాకు సంగతి వేరు. చేతితో గొలుసు లాగే పని కాబట్టి మిల్లీమీటరు కూడా తప్పదు, కానీ ఒక షెల్లును, అంటే ట్యాంకు గొట్టపు భాగాన్ని, లేపి, తిప్పి, దించేసరికి ఇద్దరు మనుషుల పూట గడిచిపోతుంది. నెలకు ఒకటి రెండు బరువులు మాత్రమే ఎత్తే వర్క్‌షాపు అయితే ఒక ఏ-ఫ్రేము (ఏ అక్షరం ఆకారపు స్టాండు), దానికి మంచి చైన్ బ్లాకు ఉంటే సరిపోతుంది, క్రేన్ జోలికి పోనక్కరలేదు. కొనేటప్పుడు ఐఎస్ 3832 ప్రమాణం గుర్తు, పరీక్ష ధ్రువపత్రం రెండూ చూసుకోవాలి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పైకి ఒకేలా కనిపించే బ్లాకులు సగం ధరకు కూడా దొరుకుతాయి. లోపలి గొలుసు ఒకటి కాదు.

ఇక డ్యూటీ క్లాసు, అంటే క్రేన్ ఎంత వాడకానికి తట్టుకుంటుందన్న వర్గం. ఐఎస్ 3177 ప్రమాణం క్రేన్ యంత్రాంగాలను ఎం1 నుంచి ఎం8 వరకు వర్గాలుగా విభజిస్తుంది. ఎంత సేపు నడుస్తుంది, నడిచిన సేపు ఎంత బరువు మోస్తుంది అన్న రెండు విషయాలను కలిపి ఈ వర్గాన్ని నిర్ణయిస్తారు. కోట్ ఇవ్వడానికి వచ్చిన సేల్స్ ఇంజనీరు మా షెడ్డంతా చూసి, "మీరు పూర్తి బరువు ఎత్తేది అరుదు కదండీ, ఎం3 చాలు" అన్నాడు. బరువు వరకు అతని మాటలో తప్పు లేదు. కానీ రియాక్టర్ షాపులో క్రేన్‌ను అరగదీసేది బరువు కాదు, బటన్ మీది వేలు. షెల్లుకు డిష్ ఎండ్ (ట్యాంకు కొసను మూసే గిన్నె ఆకారపు మూత) కూర్చోబెట్టేటప్పుడు ఆపరేటరు కాస్త కిందికి, కాస్త పైకి, మళ్లీ కిందికి అంటూ ఆగకుండా బటన్ తడుతూనే ఉంటాడు. ఆ తట్టిన ప్రతిసారీ మోటారు ఒకసారి స్టార్ట్ అయినట్టే, బ్రేకు ఒకసారి విడిపోయి పట్టుకున్నట్టే, కాంటాక్టరు (మోటారుకు కరెంటు ఇచ్చే స్విచ్) ఒకసారి అతుక్కున్నట్టే. హాయిస్ట్ మోటారు ప్లేటు మీద 40 శాతం సీడీఎఫ్ (నడిచే సమయం వంతు), గంటకు 150 స్టార్టులు అని రాసి ఉంటే, పది నిమిషాల్లో నాలుగు నిమిషాలకు మించి తిరగకూడదని, నిమిషానికి సగటున రెండున్నర స్టార్టులు దాటకూడదని అర్థం. ఫిట్-అప్ (ముక్కలను వెల్డింగుకు జతపరచడం) జరిగే గంటలో ఈ లెక్క అవలీలగా దాటిపోతుంది. అందుకే హాయిస్ట్‌కు ఎం5 కావాలని పట్టుబట్టాము. ధరలో వచ్చిన తేడా రెండు మూడు నెలల హైడ్రా అద్దెకు మించలేదు. ఈ రెండేళ్లలో హాయిస్ట్ మోటారు ఒక్కసారి కూడా వేడెక్కి ట్రిప్ కాలేదు. ఈ క్రేన్‌లో నాకు బాగా నచ్చిన విషయం ఇదే.

రెండోది వేగం. మా హాయిస్ట్‌కు రెండు వేగాలు ఉన్నాయి: మామూలుగా నిమిషానికి 5 మీటర్లు, మైక్రోలో అరమీటరు. ఈ అంకెలు కాగితం మీద ఏమీ చెప్పవు కాబట్టి ఇలా చూడండి. పెద్ద వేగంలో బటన్‌ను అర సెకను నొక్కితే హుక్కు నాలుగు సెంటీమీటర్లు జారుతుంది. మైక్రోలో అదే అర సెకనుకు నాలుగు మిల్లీమీటర్లు. షెల్లు అంచుకూ డిష్ ఎండ్ అంచుకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల రూట్ గ్యాప్ చుట్టూ సమానంగా నిలబెట్టి ట్యాక్ (తాత్కాలిక చిన్న వెల్డు) వేయవలసిన చోట మొదటిది ఎందుకూ పనికిరాదు. మా ఫిట్టరు షెల్లు మీద నాలుగు చోట్ల స్పేసర్ ముక్కలు పెట్టి, ఒక చేయి డిష్ మీద ఆనించి, రెండో చేతి వేళ్లతో సైగ చేస్తాడు. ఆపరేటరు మైక్రో బటన్‌ను తట్టి వదులుతాడు. డిష్ దిగి స్పేసర్ల మీద ఆనగానే ఫిట్టరు గుప్పిట మూస్తాడు. ఒకవైపు ముందే ఆనితే, స్లింగు కాలికి కట్టి ఉంచిన చిన్న చైన్ బ్లాకుతో ఆ వైపును సరిచేస్తాడు. పాత పద్ధతిలో పూట పట్టిన ఈ పని ఇప్పుడు టీ వేళకు ముందే అయిపోతోంది. క్రేన్‌ను అడ్డంగా నడిపే సీటీకి, షెడ్డు పొడవునా నడిపే ఎల్‌టీకి వీఎఫ్‌డీలు (మోటారు వేగాన్ని మార్చే పరికరాలు) పెట్టించడం కూడా మంచిదే అయింది; నెమ్మదిగా కదిలి నెమ్మదిగా ఆగుతాయి కాబట్టి బరువు ఊగదు. డబ్బు తక్కువ పడి ఒకదాన్నే ఎంచుకోవలసి వస్తే మాత్రం హాయిస్ట్ మైక్రో వేగాన్నే ఎంచుకోమంటాను.

వైర్ రోప్ హాయిస్ట్‌లో కోట్ ఇచ్చేవారు ఎవరూ ముందుగా చెప్పని లక్షణం ఒకటి ఉంది. రోప్ డ్రమ్ము మీద ఒక గాడి నుంచి పక్క గాడిలోకి చుట్టుకుంటూ పోతుంది కాబట్టి, హుక్కు పైకి వెళ్లేకొద్దీ కొద్దిగా పక్కకు జరుగుతుంది. రెండు వైపుల నుంచి మధ్యకు చుట్టుకునే గాళ్లున్న డ్రమ్ము తీసుకుంటే హుక్కు నిలువునా నడుస్తుంది, కానీ దాని ధర ఎక్కువ, పొడవూ ఎక్కువ. మాకు ఫిట్-అప్‌లో ఎత్తేది సెంటీమీటర్లలోనే కాబట్టి ఈ జరుగుడు లెక్కలోకి రాదు. లోతైన మౌల్డులోనో నిలువు బోరింగ్ మిషనులోనో సరిగ్గా దించవలసిన షాపువారు మాత్రం ముందే అడిగి తేల్చుకోవాలి. ఒకటి రెండు టన్నుల లోపు పనికి ఎలక్ట్రిక్ చైన్ హాయిస్ట్ తీసుకుంటే ఈ బెడదే లేదు. చిన్నది, గొలుసు కిందికి నిలువుగానే వస్తుంది, నిర్వహణ కూడా తేలిక.

ఎత్తు విషయంలో ఈ క్రేన్‌కు తక్కువ మార్కులే వేస్తాను, అయితే అందులో తయారీదారు తప్పు కొంచెమే. సింగిల్ గర్డర్‌లో హాయిస్ట్ గర్డర్ కింద వేలాడుతుంది కాబట్టి, పట్టా ఆరున్నర మీటర్ల ఎత్తులో ఉన్నా హుక్కు అయిదున్నర దగ్గరే ఆగిపోతుంది. అందులో స్లింగు మీటరు తీసేయండి. ఇక మిగిలిన ఎత్తులో నాలుగు మీటర్ల రియాక్టరును నిలబెట్టి స్టాండు మీదికి దాటించాలంటే గుండె గట్టి చేసుకోవాలి. డబుల్ గర్డర్ తీసుకుంటే క్రాబ్ (హాయిస్ట్ ఉన్న బండి) గర్డర్ల పైన నడుస్తుంది, హుక్కు ఎత్తు దాదాపు పట్టా దాకా దొరుకుతుంది. ఖర్చు, స్తంభాల మీద భారం మాత్రం పెరుగుతాయి. అలాగే హుక్కు అటూ ఇటూ స్తంభాల దాకా రాదు. మా 12 మీటర్ల స్పాన్‌లో ఒక్కో పక్క దాదాపు మీటరు వెడల్పున, షెడ్డు పొడవునా, క్రేన్ అందని పట్టీ మిగిలింది. డ్రాయింగ్‌లో ఈ కొలత హుక్ అప్రోచ్ పేరుతో ఉంటుంది. రోలింగ్ మిషను ఎక్కడ పెట్టాలో ఆ కొలతను చూసి నిర్ణయించాము, దానివల్ల ఇబ్బంది తప్పింది.

క్రేన్ ధర మాత్రమే చూసి బడ్జెట్ వేసుకునేవారికి షెడ్డు పెద్ద దెబ్బ కొడుతుంది. తయారీదారు ఇచ్చిన డ్రాయింగ్‌లో, హాయిస్ట్ పూర్తి బరువుతో ఒక చివరకు చేరినప్పుడు ఆ వైపు ఒక్కో చక్రం మీద మూడు టన్నులకు పైన భారం పడుతుందని ఉంది. కదలిక వల్ల కలిగే అదురు దీనికి అదనం. రేకులు మోయడానికి కట్టిన మామూలు షెడ్డు స్తంభాలకు బ్రాకెట్లు అతికించి దీన్ని మోయించడం కుదరదు. మా స్ట్రక్చరల్ ఇంజనీరు పాత స్తంభాల పక్కనే వేరే స్తంభాలు, వాటికి వేరే పునాదులు వేయించాడు. గాంట్రీ (పట్టాను మోసే దూలాలు), 50 మిల్లీమీటర్ల చదరపు బార్ పట్టా, క్రేన్‌కు కరెంటు అందించే బస్‌బార్ అన్నీ కలిపితే ఖర్చు క్రేన్ ధరకు దగ్గరగా వెళ్లింది. ఇది తప్పించుకోదగిన ఖర్చు కాదు.

విద్యుత్తు సరంజామా నాణ్యత మిశ్రమంగా ఉంది. బస్‌బార్ పైన తొడుగున్న రకం ఇచ్చారు, బాగుంది. పెండెంట్‌తో (తీగకు వేలాడే బటన్ల పెట్టె) పాటు రేడియో రిమోట్ కూడా ఇచ్చారు. ఆపరేటరు బరువుకు దూరంగా, తనకు అన్నీ కనిపించే చోట నిలబడగలుగుతున్నాడు. హుక్కు పరిమితి దాటి పైకి పోకుండా గేర్డ్ లిమిట్ స్విచ్ ఒకటి, అది పనిచేయకపోతే ఆపడానికి వేలాడే బరువు రకం ఇంకొకటి ఉన్నాయి. అయితే ఫేజ్ సీక్వెన్స్ రిలేను మొదటి కోట్‌లో చేర్చలేదు, మేము అడిగి పెట్టించుకున్నాము. దీని అవసరం చాలామందికి తట్టదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మరమ్మతు చేసి రెండు ఫేజులు తారుమారుగా కలిపితే, కింది బటన్ నొక్కినప్పుడు హుక్కు పైకి పోతుంది. పై లిమిట్ స్విచ్ ఆపేది పై బటన్ సర్క్యూట్‌ను మాత్రమే కాబట్టి అప్పుడు అది ఆపలేదు. హుక్కు బ్లాకు వెళ్లి డ్రమ్ముకు కొట్టుకుంటుంది, రోప్ తెగుతుంది. ఫేజులు తిరగబడ్డాయని గుర్తించి క్రేన్‌ను అసలు స్టార్టే కానివ్వని ఈ చిన్న రిలే ఖరీదు క్రేన్ ధరలో లెక్కకు రానంత. ఏ కోట్ వచ్చినా మొదట దీని కోసం వెతకండి.

బిగింపు పని చక్కగా చేశారు. ఖలాసీలు అనుభవజ్ఞులు, రెండు పట్టాల మధ్య దూరాన్ని షెడ్డు పొడవునా కొలిచి, తేడా వచ్చిన చోట షిమ్ములు (పలుచని రేకు ముక్కలు) వేసి సరిచేశాకనే గర్డర్ ఎక్కించారు. ఆ తరువాత లోడ్ టెస్టు. పూర్తి బరువుతో గర్డర్ వంపు స్పాన్‌లో 750వ వంతుకు మించకూడదని ఆర్డరులోనే రాయించాము. 12 మీటర్లకు అది 16 మిల్లీమీటర్లు. కొలిస్తే 13 వచ్చింది. తరువాత 125 శాతం, అంటే ఆరుంపావు టన్నులు. దీనికి బరువులు బయటి నుంచి తేలేదు. 1500 బై 6300 సైజు 10 మిల్లీమీటర్ల ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు ఒక్కొక్కటి దాదాపు 742 కిలోలు తూగుతుంది. ఎనిమిది ప్లేట్లు దొంతర పెట్టి, మిగతాది ఫ్లాంజులతో సరిచేసి, వేబ్రిడ్జి చీటీతో సరిచూసుకున్నాము. నేల నుంచి కొద్ది ఎత్తుకు లేపి ఆపి బ్రేకు పట్టు చూశారు, తరువాత బరువును దించి గర్డర్ తన స్థితికి తిరిగి వచ్చిందో లేదో మళ్లీ కొలిచారు. ఆ సేపు షెడ్డులో టెస్టు చేసే ఇద్దరు తప్ప ఎవరినీ ఉండనివ్వలేదు. 2020 ఆగస్టు 1న విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్ పరీక్ష సమయంలోనే కూలి 11 మంది చనిపోయిన సంగతి మన ప్రాంతంలో ఈ పనిలో ఉన్నవారెవరూ మరచిపోలేదు. బరువు చిన్నదైనా పరీక్ష పరీక్షే.

స్టెయిన్‌లెస్ స్టీల్ పని చేసేవారికి మాత్రమే సంబంధించిన ఒక ఫిర్యాదు. వైర్ రోప్‌కు గ్రీజు రాయక తప్పదు, ఎండాకాలంలో అది కరిగి చుక్కలు చుక్కలుగా కారుతుంది. బఫింగ్ పూర్తయి అద్దంలా మెరుస్తున్న డిష్ మీద నల్లటి చుక్క పడితే తుడిచేయవచ్చు, కానీ అదే గ్రీజు వెల్డు జాయింట్ అంచున పడితే మళ్లీ శుభ్రం చేసి, ఆరబెట్టి, అప్పుడు గానీ ఆర్క్ కొట్టలేము. డ్రమ్ము కింద ఒక రేకు ట్రే కట్టించి ఈ సమస్యను చాలావరకు తగ్గించాము; ఫార్మా పని అని తెలిసిన తయారీదారు దాన్ని తానే పెట్టి ఇవ్వవలసింది. ఇనుప స్లింగులు, గొలుసులు ఎస్ఎస్ షెల్లుకు తగలనివ్వము. తగిలిన చోట ఇనుప రేణువులు మిగిలి తుప్పు మచ్చలు లేస్తాయి, కస్టమరు తనిఖీలో అవి బయటపడతాయి. అందుకని పాలిస్టర్ బెల్టులే వాడతాము. వీటి రంగులు గుర్తుంచుకోవడం తేలిక: ఊదా ఒక టన్ను, ఆకుపచ్చ రెండు, పసుపు మూడు, బూడిద రంగు నాలుగు, ఎరుపు ఐదు. బెల్టు పదునైన అంచు మీద నుంచి పోతుంటే మధ్యలో రబ్బరు మెత్త పెట్టాలి. రెండు కాళ్ల స్లింగును ఎంత వెడల్పు చేస్తే ఒక్కో కాలి మీద అంత భారం పెరుగుతుంది. రెండు కాళ్ల మధ్య కోణం 120 డిగ్రీలకు చేరితే ఒక్కో కాలూ మొత్తం బరువును మోస్తున్నట్టే.

ఇప్పుడు సేవ సంగతి. వారంటీ ముగిసిన కొద్ది నెలలకు, డిష్ ఎండ్‌తో కలిపి ట్యాక్ వేసిన షెల్లు ఒకటి హుక్కుకు వేలాడుతుండగా హాయిస్ట్ ఆగిపోయింది. బ్రేకు కాయిల్‌కు డీసీ అందించే రెక్టిఫయరు కాలిపోయింది. ఒక విధంగా ఇది మంచి డిజైనుకు సాక్ష్యమే: కరెంటు అందకపోతే స్ప్రింగు బలంతో బ్రేకు పట్టుకునే ఉంటుంది, బరువు జారదు. అయితే బరువు దిగదు కూడా. ఫోను చేస్తే ఇంజనీరు ఊళ్లో లేడన్నారు, మరునాడు వస్తాడన్నారు, ఆ మరునాడు వారం చివరిదాకా సాగింది. చివరకు హైడ్రాను పిలిచి షెల్లును పట్టుకోమని, మా ఎలక్ట్రీషియన్ వైరింగ్ అంతా ఒక్కొక్క వైరుగా వెతుక్కుంటూ లోపం కనిపెట్టి, రాణిగంజ్‌లో అదే సైజు రెక్టిఫయరు తెచ్చి బిగించాడు. వస్తువు ధర భోజనం ఖర్చంత. మాకు కోపం తెప్పించింది ఆలస్యం ఒక్కటే కాదు. ప్యానెల్ తలుపులో ఉండవలసిన వైరింగ్ డ్రాయింగు లేదు, అడిగితే పంపలేదు. అది ఉంటే మా మనిషి ఆ లోపాన్ని గంటలో పట్టేవాడు. పెద్ద కంపెనీల హాయిస్ట్ తెప్పించి, గర్డర్ మాత్రం స్థానికంగా చేయించే పద్ధతి ఒకటి మన దగ్గర చాలాకాలంగా నడుస్తోంది. డెమాగ్, కోనెక్రేన్స్, ఇండెఫ్ వంటి పేరున్న హాయిస్ట్‌లతో కాగితాలు పద్ధతిగా వస్తాయి. స్పేర్ల ధర మాత్రం ఆ స్థాయిలోనే ఉంటుంది. మాలాంటి షాపుకు స్థానిక తయారీయే మేలని ఇప్పటికీ అనుకుంటున్నాను, కాకపోతే కాగితాలు, స్పేర్లు చేతికి అందాకే చివరి చెల్లింపు చేయాలి.

నిర్వహణకు ఎక్కువ ఖర్చు కాలేదు. బ్రేకు గ్యాప్ ఒకసారి సరిచేశాము, పెండెంట్ బటన్లు మార్చాము. రోజూ పొద్దున ఆపరేటరు ఖాళీ హుక్కును పైదాకా లేపి లిమిట్ స్విచ్ ఆపుతోందో లేదో చూస్తాడు, హుక్కు నాలుక మూసుకుంటోందో లేదో చూస్తాడు, రోప్‌లో తెగిన తీగలు, ఉబ్బిన చోట్లు ఉన్నాయేమో వెతుకుతాడు. 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 29 కాలం నుంచీ ఉన్న నియమం ప్రకారం, ఎత్తే యంత్రాలను, గొలుసులను, రోపులను ఏడాదికి ఒక్కసారైనా గుర్తింపు పొందిన సమర్థ వ్యక్తి చేత క్షుణ్ణంగా పరీక్ష చేయించాలి. అదే సెక్షన్‌లో, క్రేన్ పట్టాల మీద గానీ దగ్గర గానీ ఎవరైనా పని చేస్తుంటే ఆ చోటుకు ఆరు మీటర్ల లోపుకు క్రేన్ రాకుండా చూడాలన్న నియమం కూడా ఉండేది. పెయింటరు నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కే రోజున మా షెడ్డులో క్రేన్ మెయిన్ స్విచ్‌కు తాళం పడుతుంది, తాళంచెవి ఆ పెయింటరు జేబులోనే ఉంటుంది.

పక్క బే కోసం ఈ నెల మళ్లీ కోట్లు తెప్పిస్తున్నాము. అక్కడి పని నాజిళ్లు, ఫ్లాంజులు, చిన్న రిసీవర్లు మాత్రమే కాబట్టి ఈఓటీ క్రేన్ అవసరం లేదు. నేలకు బిగించే జిబ్ క్రేన్ (స్తంభానికి తిరిగే చేయి ఉన్నది), దానికి ఒక టన్ను ఎలక్ట్రిక్ చైన్ హాయిస్ట్, రెండు వేగాలు. పాత తయారీదారుకూ విచారణ పంపాము, ఎందుకంటే అతని గర్డరూ బిగింపూ బాగున్నాయి. ఈసారి ఆర్డరులో వైరింగ్ డ్రాయింగు, ఒక బ్రేకు కాయిల్, ఒక రెక్టిఫయరు, ఒక సెట్టు కాంటాక్టర్లు, ఫేజ్ సీక్వెన్స్ రిలే విడివిడి పద్దులుగా రాశాము. ఇవి స్టోరులోకి చేరేదాకా చివరి పది శాతం డబ్బు మా దగ్గరే ఉంటుందన్న షరతుకు అతను ఇంకా బదులివ్వలేదు.